ఎర్రజుట్టువాడి మొదటి అడుగు

గ్లాస్గో దగ్గరి మా బొగ్గుగనుల ఊరు బాల్‌క్రేగ్‌లో కొత్త సంవత్సరంనాడు గడపలో మొదటి అడుగు నల్లజుట్టు మగవాడే వెయ్యాలి, చేతిలో బొగ్గుముక్కతో. ఎర్రజుట్టువాడు వేశాడో, ఆ ఇంటికి ఏడాదంతా అరిష్టమే. మా తమ్ముడు ఎబెన్‌ది నిప్పులాంటి ఎర్రజుట్టు. చిన్నప్పుడు ఆ రోజు నీళ్ళకని బయటికి వెళ్ళాడంటే, నల్లజుట్టువాడు వచ్చి వెళ్ళేదాకా అమ్మ వాణ్ణి లోపలికి రానిచ్చేది కాదు. పెరటి గోడ పక్కన మంచులో నిలబడి ముక్కు ఎగబీల్చేవాడు.

పెద్దయ్యాక ఎబెన్ మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఎడమవైపు ఆడాడు. గ్లాస్గో పెద్ద క్లబ్బులు వాడి వంక చూడలేదు, పేపర్లు వాడి పేరు తప్పుగా వేసేవి. అయినా వాణ్ణి గనిలోకి దిగకుండా కాపాడింది ఆ ఆటే. మా నాన్నని మింగిన గని అది. అందులోకి దిగనని అమ్మకి మాటిచ్చాడు.

క్లబ్బులోనూ అదే ఆచారం. జనవరి ఒకటిన పక్క ఊరు ఇన్వర్‌లీతో మ్యాచ్. ముందు గోల్‌కీపర్ డూగల్ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాలి, అందరి వెనకా ఎబెన్. జట్టులో నల్లజుట్టు డూగల్ ఒక్కడిదే.

ఆ ఏడు డూగల్ వేళకి రాలేదు. ఎలా వస్తాడు? అర్ధరాత్రి నుంచీ ఊరంతా అతన్నే ఇంటికి పిలిచి, అడుగు వేయించుకుని, విస్కీ గ్లాసు చేతిలో పెట్టింది. మా వీధికి చేరకముందే ఎక్కడో పడి నిద్రపోయాడు. మేము మ్యాచ్‌కి బయల్దేరేటప్పటికి మా గడప ఇంకా ఎవరూ తొక్కలేదు.

నేను ఉతికిన జెర్సీల మూటతో వెళ్ళేసరికి జట్టంతా మూసిన తలుపు ముందు మంచువానలో నిలబడి ఉంది. క్లబ్బు ప్రెసిడెంటు హిస్లాప్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ కదలద్దు. డూగల్ రానీ."

"కాళ్ళు కొయ్యబారిపోతున్నాయండీ," అన్నాడు ఎబెన్. "ఇంకాసేపుంటే ఆడేది మేం కాదు, మా శవాలు."

"నువ్వు నోరు ముయ్యి. నీ జుట్టు చూస్తేనే నాకు దడ."

"అయితే కళ్ళు కూడా మూసుకోండి."

ఆయన్ని పక్కకి తోసి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. జట్టు మొత్తం నోరు తెరిచింది.

"ఇవాళ ఓడిపోయామో, ఈ క్లబ్బులో నీకిదే ఆఖరు!" అని అరిచాడు హిస్లాప్.

చివరికి డూగల్‌ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తెచ్చి గోల్‌లో నిలబెట్టారు. ఎబెన్ రెండు గోల్స్ కొట్టాడు. డూగల్ మూడు వదిలేశాడు. మూడోసారి బంతిని వదిలేసి గోల్ స్తంభాన్ని కావలించుకున్నాడు.

"చూశారా, ఎర్రజుట్టు!" అన్నాడు హిస్లాప్. జనం తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గోల్స్ కొట్టిందెవరు, వదిలిందెవరు? మీరు పోసిన విస్కీ తప్పేం లేదా?" అన్నాను.

ఎబెన్ తడి జెర్సీ విప్పి హిస్లాప్ చేతుల్లో పెట్టాడు. "వచ్చే శనివారం ఇది డూగల్ జుట్టుకి తొడగండి. బ్రహ్మాండంగా పరిగెడుతుంది."

ఇంటికొచ్చే దారిలో అడిగాను. "గనిలోకి దిగుతావట్రా?"

"చచ్చినా దిగనక్కా. రేపు ఇన్వర్‌లీ వాళ్ళనే అడుగుతా. రెండు గోల్స్ తిన్నవాళ్ళు, నా ఎడమకాలు మర్చిపోరులే."

మర్చిపోలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు వాళ్ళకే ఆడాడు. కానీ ఆ సాయంత్రానికి వాడి చేతిలో ఏమీ లేదు.

మాకన్నా ముందే వార్త ఇల్లు చేరింది. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తున్నారు. డూగల్ బొగ్గుముక్క పట్టుకుని తూలుతూ మా వాకిట్లోకి వచ్చాడు. ఎబెన్ అలవాటుగా పెరటి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అంత మనిషి అలా నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

"పిన్నీ, ఆలస్యమైంది, ఏమనుకోకు," అన్నాడు డూగల్.

"అక్కడే ఆగు," అంది అమ్మ. "ఎబెన్, ఇలా రా."

"ముందు అతన్ని వెళ్ళనీ అమ్మా."

"నిన్ను కన్నది నేను. నా ఇంట్లోకి నువ్వు రావడానికి ఇంకొకడి జుట్టు కావాలా?"

"వద్దమ్మా, ఏడాదంతా చెడుతుంది!" అంది ఎదురింటావిడ.

"చెడితే నా ఏడాదే కదా. నీకెందుకు?"

అమ్మ వాకిట్లోకి దిగి, వాడి చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా ముందు వాణ్ణి లోపలికి తోసింది. మొదటి అడుగు వేసినవాడికిచ్చే గ్లాసు వాడి చేతికిచ్చింది.

బయట డూగల్ బొగ్గుముక్కతో గోడ పక్కన, ఎబెన్ నిలబడే చోటే నిలబడ్డాడు.