మూడో గదికి వినపడని కేక

ఈ వ్యాపారంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక పాత కోల్డ్ స్టోరేజి, మా బాబాయి గొంతు. రెండోదానికి నేనెప్పుడూ విలువ కట్టలేదు.

ఆపిల్ పండు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. గదిలోని ఆక్సిజన్‌ను తోసేసి నైట్రోజన్ నింపితే ఆ ఊపిరి మందగించి, నెలలు గడిచినా పండు నిన్న కోసినట్టే ఉంటుంది. ఆ గాలిలో మనిషి మాత్రం నిలవుండడు. వాసన రాదు, ఉక్కిరిబిక్కిరి చేయదు. కునుకు పట్టినట్టుండి ఒరిగిపోతాడు.

ఆ గాలిని వదిలేది ఒక పాత ప్రోగ్రాం. దానికి బొమ్మలూ బటన్లూ లేవు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలే. గది నంబరు టైపు చేయగానే "గది ఖాళీయేనా?" అని అడిగేది. అవునంటేనే కదిలేది. ఆ కుర్చీ బాబాయిది. తెర అలా అడగ్గానే లేచి వెళ్ళి, తలుపు తెరిచి, "లోపలెవర్రా, బయటికి రండి" అని గోడలదిరేలా అరిచేవాడు. అందుకే అందరికీ కేక బాబాయి అయ్యాడు. చలి పోకుండా తలుపు వేసుకునే లోపల పని చేయాలి కాబట్టి, అది మూసుకుంటే లోపలున్నవాళ్ళు పట్టించుకునేవారు కాదు. కేక వినపడితేనే బయటికి వచ్చేవారు.

నా భార్య తమ్ముడికి కంప్యూటర్లంటే పిచ్చి. ఆ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని వెబ్ పేజీకి తగిలించాడు. సాకెట్ కనెక్షన్ అట. ఫోన్లో పంపిన మాట తిన్నగా ప్రోగ్రాంకు వెళ్తుంది, అది వేసే ప్రతి వరసా ఆ క్షణమే ఫోన్లోకి వస్తుంది. పేజీ తెరిచినప్పుడల్లా ఆ తెరిచినవాళ్ళ కోసం ప్రోగ్రాం కొత్తగా మొదలవుతుంది, కనెక్షన్ తెగితే అదీ ఆగిపోతుంది. ప్రతిసారీ ప్రశ్నకు జవాబివ్వడం చికాకని, బటన్ నొక్కితే "అవును" కూడా దానంతటదే వెళ్ళేలా చేశాడు.

"ఇక అరవడానికో మనిషెందుకు బావా?" అన్నాడు.

నాకూ సబబే అనిపించింది. బాబాయిని పెట్టెలు సర్దే పనికి మార్చాను. ఆయనేమీ కోప్పడలేదు. "నా గొంతుకు పెన్షనిచ్చావురా అబ్బాయ్" అని నవ్వి, కుర్చీని తలుపు వైపు తిప్పి వెళ్ళిపోయాడు.

ఒకరోజు పెద్ద కొనుగోలుదారు ఒకాయన ఆఫీసులో బేరం నడుస్తోంది. సరుకు ఎన్నాళ్ళు నిలవుంటుందని ఆయన నసుగుతుంటే ఫోన్ తీసి పేజీ చూపించాను. మూడో గదిలో ఆ పూటే నైట్రోజన్ నింపాల్సి ఉంది. "మీరే నొక్కండి" అన్నాను. ఆయన నొక్కాడు. తలుపు బిగిసిందని ఒక వరస వచ్చింది. తర్వాత ఆక్సిజన్ అంకెలు, ఒకదాని కింద ఒకటి, తగ్గుతూ. ఆయన చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు. బేరం కుదిరింది.

లిఫ్టులో సిగ్నల్ పోయి కనెక్షన్ తెగింది. వీధిలోకి రాగానే బావమరిది ఫోన్.

"బావా, బాబాయిగారు కనపడట్లేదు. క్యారియర్ విప్పనే లేదు. గదులేమన్నా నడుస్తున్నాయా?"

పేజీ మళ్ళీ తెరిచాను. "నడుస్తున్న పని ఏదీ లేదు" అని వచ్చింది. అదే చెప్పాను. అయితే బజారుకెళ్ళుంటారని వాడు గేటు దాకా వెళ్ళి వెతికాడు.

నాకు జవాబిచ్చింది అప్పుడే పుట్టిన ప్రోగ్రాం. వాల్వు తెరిచింది అంతకుముందుది. అది లిఫ్టులోనే ఆగిపోయింది, వాల్వు మాత్రం తెరిచే ఉంది.

బావమరిది తిరిగొస్తూ గోడ మీది పైపు బుసకొట్టడం విన్నాడు. వాల్వు కట్టేసి, తలుపు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరాడు. పెట్టెల వెనక బాబాయి, ఒళ్ళో ఒక పెట్టె పెట్టుకుని, గోడకానుకుని కూర్చుని ఉన్నాడట. బిగిసిన తలుపు తీసుకోవడానికి లోపల గడియ ఉంది. ఆయన దాని దగ్గరికి వెళ్ళిన జాడే లేదు. ఎందుకు వెళ్తాడు? కేక వినపడలేదు కదా.

మనిషి దక్కాడు. మాట దక్కలేదు.

ఇక లెక్క. సరుకు చెక్కుచెదరకుండా వెళ్ళింది. కొనుగోలుదారు నిలిచాడు, ఇంకో ఇద్దరిని తెచ్చాడు. పేజీ తీసేయించాను. బాబాయి మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంటున్నాడు. తెర అడగ్గానే వెళ్ళి తలుపు తెరిచి అరిచేది ఇప్పుడు నేను. నేను అరిచిన ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడి, లోపలున్నది తానే అయినట్టు, కుర్చీలోంచి లేచి బయటికి నడుస్తాడు.