మెడ మీది మట్టి

“ఫంక్షన్ నాటికి ఈ నలుపు పోకపోతే ఎట్ల అత్తమ్మా? అందరి ముందల పిల్ల మెడ కనపడ్తది గదా,” అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అశ్రితకు పన్నెండు నిండాయి. నెల రోజుల్లో చీర కట్టించే ఫంక్షన్. మేడ్చల్‌లో హాలు మాట్లాడారు, ఫ్లెక్సీ కోసం పిల్లకు ఫొటో కూడా తీయించారు. ఆ ఫొటోలోనే మొదటిసారి సరిగ్గా చూశాను. మెడ వెనక నుంచి రెండు పక్కలకూ పాకిన నల్లటి పట్టీ. ముట్టుకుంటే మఖ్మల్ బట్టలా మందంగా తగిలింది.

నాకు భయాలకు కొదవ లేదు. బడికి పోతుంటే హైవే మీద లారీల భయం. బడివాళ్లు పిక్నిక్ అంటే శామీర్‌పేట చెరువు భయం. జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి గాలి తిరిగి ఆ చెత్త కంపు వస్తే, పిల్ల ఊపిరితిత్తులు పాడవుతాయని ఎండాకాలంలో కూడా కిటికీలు మూసేదాన్ని. కంచంలో ఉన్నదానికి మాత్రం ఏనాడూ భయపడలేదు. కంచం ఖాళీగా ఉంటేనే నాకు భయం. నాలుగో ఏట విషజ్వరం వచ్చి పిల్ల చీపురుపుల్లలా అయిపోయింది. అప్పటి నుంచి పాలలో బలం పొడి, దాని మీద రెండు చెంచాల చక్కెర, సాయంత్రం బేకరీ నుంచి పఫ్, అది తిన్నాక మళ్లీ అన్నం. పిల్ల బుగ్గలు నిండితే నా గుండె నిండేది.

నా మాటకు అత్తమ్మ బాలమణి తల ఎత్తలేదు. జవాబు మా వదిన కామేశ్వరి చెప్పింది. నా భర్తకు అక్క, అల్వాల్‌లో ఉంటుంది, ఫంక్షన్ పనులని చెప్పి అప్పటికే మా ఇంట్లో దిగింది.

“గది నలుపు గాదు పార్వతీ, మట్టి. పిల్లకు నీళ్లు పోసేటప్పుడు జర చెయ్యి ఆడియ్యాలె. నేను ముగ్గుర్ని పెంచిన. ఒక్కలకన్న గిట్లున్నదా?”

మా వదిన ఇంట్లో మంచినీళ్ల కంటే కూల్‌డ్రింకు ఎక్కువ తాగుతారు. రెండో మెట్టు ఎక్కేసరికి ఆమెకు ఆయాసం. అయినా ఆమె ఇంటరు చదివింది, నేను పదో తరగతి తప్పాను. కాబట్టి శుభ్రం గురించి ఆమె చెప్పాలి, నేను వినాలి. విన్నాను.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. చేన్లు ఉన్నంతకాలం ఈ ఇంట్లో జొన్నరొట్టె తిన్నారు. చేన్లు ప్లాట్లయ్యాక, రొట్టె కూలోళ్ల తిండి అయిపోయింది. మూడు పూటలా తెల్లన్నం, ఎవరి ప్లాటు రిజిస్ట్రేషన్ అయినా దావత్, దావత్ మరునాడు మిగిలిన బిర్యానీ. పొట్టను బట్టి మనిషికి మర్యాద. మా మామగారు షుగర్‌తో ఒక కాలు తీయించుకుని, రెండేళ్లు మంచంలో ఉండి పోయారు. ఆ కాలు గురించి కూడా వీళ్లు గొప్పగానే చెప్పుకుంటారు. షుగర్ అంటే తిని బతికినోళ్లకు వచ్చే రోగమట, గంజి తాగేటోళ్లకు రాదట. కాలు పోయిన మనిషి ఫొటో ముందు వర్ధంతికి కిలోల లెక్కన జిలేబీ పెట్టి, తర్వాత అందరూ కూర్చుని దాన్ని తింటారు. నేనూ తిన్నాను.

ఆ ఆదివారమే పిల్లను పీట మీద కూర్చోబెట్టి సున్నిపిండితో రుద్దాను. పోలేదు. బుధవారం శనగపిండిలో నిమ్మరసం కలిపి రుద్దాను. మంట పుట్టింది, నలుపు వదల్లేదు. బడిలో పిల్లలు మట్టిమెడ అని పిలుస్తున్నారని అప్పుడే తెలిసింది. వాళ్ల టీచరు కూడా డైరీలో రాసి పంపింది, పిల్ల శుభ్రత మీద తల్లి దృష్టి పెట్టాలని. ఆ డైరీ వదిన గట్టిగా చదివింది, వంటింట్లోకి వినపడేట్టు.

తర్వాత జాకెట్టు కొలతలు. మగ్గం వర్క్ జాకెట్టు కుట్టడానికి ఎలీషమ్మ మా ఇంటికే వచ్చింది. చర్చి వెనక రేకుల ఇంట్లో ఆమె, ఆమె కూతురు క్రిస్టీనా ఉంటారు. టేపు మెడ చుట్టూ తిప్పబోయి ఆగింది. ఎర్రగా కమిలిన చోట వేలు పెట్టకుండా చూసి, నన్ను పక్కకు పిలిచింది.

“అమ్మా, గది మట్టి గాదు. మా క్రిస్టీనకు గిట్లనే ఉండె. లోపల షుగర్ సంగతి గడబిడ అయితే తోలు మీద గిట్ల కనపడ్తదంట. రుద్దకుండ్రి, డాక్టరమ్మకు జూపియ్యుండ్రి.”

నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల పిల్లకు షుగర్ అంటగడుతుందా, అదీ ఫంక్షన్ ముందు, బయట నలుగురు వింటే? కొలతలు తీసుకొమ్మన్నాను, వేరే సంగతులు అడగలేదన్నాను. బట్టలు కుట్టే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటి అనుకున్నాను. వదిన నన్ను ఎట్లా చూస్తుందో, నేనూ ఎలీషమ్మను అట్లాగే చూశాను. మా ఇంట్లో నీచంగా చూడటం మెట్ల మీద నీళ్లలాంటిది. పై నుంచి వచ్చిందాన్ని కిందికి వదలడమే.

ఆ సాయంత్రం కొబ్బరిపీచు తీసుకున్నాను. కోపం ఎవరి మీదో నాకే తెలియదు. పడింది మాత్రం పిల్ల మెడ మీద. రక్తం వచ్చాక గానీ నా చెయ్యి ఆగలేదు. అశ్రిత ఏడవలేదు. ఏడిస్తే ముందే ఆగేదాన్నేమో. నీళ్లు పోశాక ఒక్క మాట అడిగింది.

“పోయిందా అమ్మా?”

తువ్వాలు తెచ్చి మెడకు అద్దాను. నలుపు పోలేదు. ఆ తర్వాత పిల్ల నాతో మాట్లాడటం మానేసింది.

మూడో రోజుకు పుండు చీము పట్టింది. సెప్టిక్ అయి పిల్ల చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది. మేడ్చల్‌లోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె పుండు చూసి, దాని చుట్టూ ఉన్న నలుపు చూసి, రుద్దింది ఎవరని అడిగింది. నేనే అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు వదిన చూపు కంటే చెడ్డది, ఎందుకంటే దానికి నేను తగినదాన్నే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఏళ్ల తరబడి తీపి, మైదా, తెల్లన్నం ఎక్కువై, కదలిక తక్కువై, ఒంటికి ఇన్సులిన్ మాట వినే అలవాటు తప్పింది. వినడం లేదని ఒళ్లు ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది ఎక్కువైతే మెడ మీద, చంకల్లో తోలు ఇట్లా మందమై నల్లబడుతుంది. రుద్దితే పోయేది కాదు. రక్తపరీక్షలో పిల్ల గీత మీదే ఉంది, ఇంకా దాటలేదు. కాలేయంలో మాత్రం అప్పుడే కొవ్వు చేరింది. ఇట్లాగే తింటే పెళ్లీడు నాటికే షుగర్ రావచ్చు, ఆ తర్వాత కళ్లు, కిడ్నీలు, కాళ్లు. ఇప్పుడు మారితే వెనక్కి తిరిగే బాట ఉంది. కానీ పిల్ల ఒక్కతీ మారితే కాదు, ఇల్లు మారాలి.

ఇంట్లో ఇంకెవరికైనా మెడ ఇట్లా ఉందా అని అడిగింది. మా ఇంట్లో అందరూ శుభ్రంగానే ఉంటారండీ అన్నాను. అశ్రిత నా వెనక నిలబడి ఉంది.

ఇంటికొచ్చి చెబితే నా భర్త పరమేశ్ నవ్వాడు. పన్నెండేళ్లకు షుగరేంది, డాక్టర్ల దందా అన్నాడు. పేరున్న ఇంటి పిల్ల బక్కగా ఉంటే జనం నవ్వుతారన్నాడు. వదిన, మట్టికి కూడా ఇంగ్లీషు పేరు పెట్టుకొచ్చిందని అంది. మామగారి కాలు గుర్తుచేశాను. అత్తమ్మ లేచి లోపలికి పోయింది.

నేను జొన్నపిండి తెచ్చాను. రొట్టె, పెసర్ల కూర, ఆకుకూర పప్పు చేసి పిల్ల ముందు పెట్టాను. కంచం నెట్టేసింది. వాళ్ల నాయిన పఫ్‌లు తెస్తే నా కళ్లలోకి చూస్తూ రెండు తిన్నది. అప్పుడు అర్థమైంది. పిల్ల నాతో మాట్లాడితే గానీ నా చేతి రొట్టె తినదు. తినకపోతే మామగారి మంచం ఈ పిల్ల కోసం కాచుకుని ఉంది. రోజూ ఏం తింటావు బిడ్డా అని అడిగాను. గోడను అడిగినట్టే. పెన్ను కావాలన్నా అవ్వకు చెప్పి నాకు చెప్పించేది.

ఫంక్షన్ రోజు వచ్చింది. బ్యూటీపార్లర్ అమ్మాయి అశ్రిత మెడకు పౌడర్ గోడకు సున్నం కొట్టినట్టు కొట్టింది. స్టేజీ పక్కన దేవుడి కంటే పెద్దగా మా ఇంటి మగవాళ్ల ఫొటోలు. ఆడవాళ్లు ఒక్కొక్కరు ఎక్కి అక్షింతలు వేసి, లడ్డూ తుంచి పిల్ల నోట్లో పెట్టి, కెమెరా వైపు చూసి దిగుతున్నారు. ఏడుగురు అయ్యారు. ఇంకా ఎంత మందో లైన్లో ఉన్నారు. ఆశీర్వాదమని నోట్లో కుక్కుతున్నారు, పిల్ల నమలకముందే మరో చెయ్యి. వాళ్లలో ఒక్కరూ ఆ పిల్ల ముఖం చూడలేదు. అందరికీ ఫొటో కావాలి.

లడ్డూల పళ్లెం నేను తీసేశాను. లడ్డూ ముక్క పట్టుకున్న వదిన చెయ్యి గాల్లో ఉండిపోయింది. మైకు పక్కనే ఉందని తెలియక కాదు, తెలిసే అంది.

“పిల్ల మెడ మట్టి దాసుకోనికి రోగం పేరు జెప్పి, అందరి నోట్ల మట్టి కొడ్తున్నవు.”

హాలంతా ఇటు తిరిగింది. నా జీవితంలో నలుగురి ముందు మాట్లాడింది లేదు.

“మట్టి గాదు వదినా. నేను పెట్టిన తిండి. మామయ్య కాలు దీసినంక గూడ మనకు బుద్ధి రాలే. పిల్ల మెడ రక్తం వచ్చేటట్టు రుద్దిన, గది నా తప్పు. నీ మాట విని రుద్దిన, గది ఇంకో తప్పు. ఇగ ఎవ్వరు దాని నోట్ల తీపి పెట్టొద్దు.”

కింద కుర్చీల్లో ఎలీషమ్మ తల వంచుకుంది. వదిన నా మాట లెక్క చేయకుండా చేతిలో ఉన్న ముక్క పిల్ల పెదవుల దాకా తెచ్చింది. అశ్రిత నోరు తెరవలేదు. ముక్క అక్కడే ఆగి, పొడి రాలి, కొత్త చీర మీద పడింది.

సంతోషపడ్డాను గానీ, పిల్ల నాతో మాత్రం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పరమేశ్ కూడా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున ఎప్పటిలా స్కూటీ మీద బడికి బయలుదేరాం. పిల్ల వెనక కూర్చుంది, నన్ను పట్టుకోకుండా సీటు కడ్డీ పట్టుకుని. ఒకటో తరగతి నుంచీ అది అట్లా నా వెనక కూర్చునే పోతోంది. రైలు గేటు పడింది. బండి ఆపాను. పందొమ్మిది రోజులుగా అడుగుతున్నదే మళ్లీ అడిగాను.

“డబ్బాల రొట్టె పెట్టిన బిడ్డా. తింటవా?”

లోకల్ రైలు వచ్చింది, పోయింది. గేటు ఇంకా లేవలేదు, గూడ్సు బండి కూడా ఉందట. డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా దాటాయి. చివరి డబ్బా కూడా పోయింది. అప్పుడు నా కొప్పు కింద, పుస్తెలతాడు పక్కన, చల్లటి చిన్న వేలు తగిలింది. మెల్లగా ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక గీత గీసింది.

“నీకు గూడ ఉంది అమ్మా. రోజు యెనక కూసొని జూస్తనే ఉన్న. నిన్నెవ్వరు రుద్దలే.”

గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. కొప్పు కింద చెయ్యి పెట్టి చూసుకున్నాను, మఖ్మల్ బట్టలా మందంగా తగిలింది.

“తింట,” అంది. “నువ్వు గూడ గదే తినాలె.”