పడుకోబెట్టకండి

ముందు నుదుటి మీద చెమట పట్టింది లోకనాథ్‌కి. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపటికి, కెరటాలు వచ్చి రాళ్ళగట్టుని కొట్టినట్టు, తలలో నొప్పి మొదలైంది.

ఉప్పాడ ఒడ్డున పడవ తిరగబడి, దాని అంచు మెడ మీద పడిన రోజు నుంచి అతనికి ఛాతీ కింద స్పర్శ లేదు. చేతులు కదులుతాయి గానీ వేళ్ళు దేన్నీ పట్టుకోవు. రాజమండ్రిలోని పునరావాస కేంద్రం నుంచి ఈమధ్యే ఇంటికొచ్చాడు. పొద్దున్నే భార్య నాగదుర్గ అతన్ని వీల్ చైర్లో కూర్చోబెట్టి, ఛాతీకి బెల్టు బిగించి, చేపల గంపతో కాకినాడ వెళ్ళిపోయింది. ఇంట్లో తల్లి పెద్దింట్లమ్మ ఒక్కతే ఉంది.

"అమ్మా, తల పగిలిపోతందే."

పెద్దింట్లమ్మ వచ్చి చూసి అదిరిపడింది. "మొహమేంట్రా అలా కందిపోయింది!" అంటూ వీధిలోకి పరిగెత్తి వీరాస్వామిని కేకేసింది. లోకనాథ్‌తో ఒకే పడవలో వేటకెళ్ళిన మనిషి అతను.

"వడదెబ్బేమో అత్తా. మంచమ్మీద పడుకోబెట్టేద్దాం." వీరాస్వామి వెనకనుంచి చంకల్లో చేతులు పెట్టాడు. ఆమె కాళ్ళు పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది లోకనాథ్‌కి. పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపిస్టు సారిక జాగ్రత్తలు చెబుతుంటే అతను మొహం గోడవైపు తిప్పుకుని, "అయ్యన్నీ మా ఆవిడకి చెప్పండి" అన్నాడు. అయినా చెవిన పడ్డాయి. స్పర్శ లేని చోట ఏదైనా బిగిసినా, మూత్రం అడ్డుపడినా బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, పడుకుంటే ఇంకా పెరుగుతుంది, మెదడులో నరం చిట్లవచ్చు.

"పడుకోబెట్టకండి!" అని అరిచాడు. "పడుకుంటే చచ్చిపోతాను. నిటారుగానే ఉంచండి. బెల్టు ఊడదియ్యి బావా."

బెల్టు ఊడదీశారు. నొప్పి తగ్గలేదు. వీరాస్వామి 108కి ఫోన్ చేశాడు. అంబులెన్సువాళ్ళకి ఈ సందు తెలియదని బీచ్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. పెద్దింట్లమ్మ నాగదుర్గకి చేసిన ఫోను మోగి మోగి ఆగిపోయింది.

ఇక మిగిలింది మూత్రం పైపు. దాన్ని భార్య తప్ప ఎవరూ చూడకూడదని, ఒళ్ళో ఎప్పుడూ తువ్వాలు కప్పుకునే ఉంటాడు. ఒకసారి తల్లి ఆ పైపు చివరి మూత్రం సంచీ ఖాళీ చెయ్యబోతే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ తర్వాత ఆమె దాని జోలికి పోలేదు.

కళ్ళ ముందు చుక్కలు మెరుస్తున్నాయి.

"అమ్మా, తువ్వాలు తీసెయ్యి. పైపు చూడు."

ఆమె చెయ్యి ముందుకొచ్చి ఆగింది. "నాగదుర్గ వచ్చేస్తదిరా..."

"అది వచ్చేదాకా నేనుండనమ్మా. చూడు."

ఆమె తువ్వాలు తీసింది. "సంచీలో చుక్క లేదురా."

"ఎక్కడైనా మడతపడిందేమో తడుము. లాగకు."

అతను కళ్ళు మూసుకోలేదు. ఆ చెయ్యి తన ఒంటి మీద పాకడం కనబడుతోందే గానీ తెలియడం లేదు.

"తొడ కింద నలిగిపోయిందిరా!"

"తొడ పైకెత్తు."

చిన్న మనిషి. మోకాలి కింద భుజం పెట్టి, గంప లేపినట్టు లేపింది. రెండో చేత్తో పైపు సరిచేసింది. కాసేపు ఏమీ రాలేదు. "రావట్లేదురా," అంది.

అప్పుడు కదిలింది. పచ్చని నీరు పైపులోంచి జారి సంచీలోకి దిగింది. లోకనాథ్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తలలో దెబ్బలు దూరదూరంగా పడుతూ మెల్లగా సద్దుమణిగాయి.

అంబులెన్సు వచ్చాక అందులోని మనిషి బీపీ చూసి, "దిగుతోందండి. అయినా డాక్టరు చూడాలి," అన్నాడు. లోకనాథ్‌ని కూర్చోబెట్టే తీసుకెళ్ళారు. పెద్దింట్లమ్మ పక్కనే కూర్చుని సంచీని కిందికి పట్టుకుంది. తువ్వాలు ఇంట్లోనే ఉండిపోయింది.

"నాగదుర్గ దగ్గర అన్నీ నేర్చుకోమ్మా," అన్నాడు. "నేనూ వింటాను."

"మళ్ళీ అరుస్తావేమోరా?"

"అరుస్తానేమో," అన్నాడు లోకనాథ్. "అరిచినా చెయ్యి."