సుద్దగీతల మీద ఆరో మనిషి

తలుపు మీద కంప్యూటర్ గది అని రాసి పదకొండేళ్లయింది. గదిలో కంప్యూటర్లు మాత్రం లేవు. మాస్టారు రోజూ పొద్దున్నే చొక్కా చేతులు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని నేలంతా సుద్దతో దారులు గీసేవాడు. దారులు కలిసే చోట గుండ్రాలు పెట్టేవాడు. ఆరుగురు పిల్లలు అంకెల అట్టలు పట్టుకుని ఒక గోడ దగ్గర బయల్దేరాలి. గుండ్రంలో ఎదురుపడ్డ ఇద్దరిలో చిన్న అంకె ఎడమకి, పెద్ద అంకె కుడికి. అవతలి గోడ చేరేసరికి అందరూ వరుసలో ఉంటారు. కంప్యూటర్ చేసేదీ ఇదేనని చెప్పేవాడు.

అట్టలు లేకపోయినా పనయ్యేది. "ఎవరికి ఎక్కువ ఆకలిగా ఉంది?" అని అడిగితే చాలు, గీతలే పాదాల్ని లాక్కెళ్లి వరుసలో నిలబెట్టేవి. వానాకాలంలో చెమ్మకి కాస్త మెల్లగా లాగేవి, అంతే. ఊడ్చే ఆయమ్మకి మాత్రం సుద్దపొడితో పేచీ.

ఒకరోజు ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ వచ్చింది, పదో తరగతి చదివే కూతుర్ని బడి మాన్పించడానికి.

"పనిలో నాకు తోడున్న మనిషి మానేసిందండీ. పద్నాలుగు వార్డుల దుప్పట్లు కలగాపులగంగా వస్తాయి. విడదీయడం నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

క్లాసులో ఆ పిల్లంత చురుకు ఇంకెవరూ లేరు.

"ఇవాళ ఒకరు రాలేదమ్మా. పది నిమిషాలు ఆరో మనిషిగా నిలబడండి," అన్నాడు. కూతురి సంగతి తల్లికి కళ్లారా చూపిద్దామని ఆయన ఎత్తు. అందరూ నిలబడ్డాక అడిగాడు, "ఈ చదువులో అందరికన్నా దూరం వెళ్లేదెవరు?"

చివరి గుండ్రంలో తల్లీ కూతురూ ఎదురుపడ్డారు. కూతురి కాలు ఎడమకి మళ్లింది. తల్లిది కుడికి, పెద్ద అంకె వెళ్లే వైపుకి.

"గీత తప్పు పడిందేమోనండీ. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను," అంది తల్లి.

"నా లెక్కలన్నీ చూసేది అమ్మే సార్," అంది కూతురు.

ఇంకో రెండుసార్లు నడిపించాడు. అదే వరుస. ఆవిడ నేలకేసి చూస్తూ నసిగింది. "ఆ మూల గుండ్రం దండగ కదండీ? అక్కడ కలిసేవాళ్లు అంతకు ముందే కలిశారు."

మాస్టారు వంగి చూశాడు. నిజమే. పదకొండేళ్లుగా గీస్తున్నాడు దాన్ని. అరిచేత్తో తుడిచేసి, సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆవిడ లాండ్రీ నేల మీద దారులు గీసింది. దుప్పట్లు వాటి మీద జారుకుంటూ ఏ వార్డువి ఆ వార్డు వైపు పోయాయి. సాయంత్రం దాకా సాగే పని పదకొండింటికల్లా తెమిలింది. కూతురితో అవసరమే పడలేదు.

పన్నెండింటికి, చేతులకి సబ్బు వాసన ఇంకా పోకుండానే, బడికి వచ్చి కూతురి పక్కన బెంచీలో కూర్చుంది. మాస్టారు హాజరుపట్టీలో అడుగున ఆవిడ పేరు రాసి పిలిచాడు.

"ఇక్కడే ఉన్నానండీ."

"అలా కాదమ్మా," కూతురు మోచేత్తో పొడిచింది. "లేచి నిలబడి ప్రెజెంట్ సార్ అనాలి."

ఆవిడ లేచి నిలబడి ఆ మాటే అంది, పక్క గదిక్కూడా వినపడేలా.