మెత్తని దారం

ఆళ్లగడ్డలో శుక్రవారం పొద్దున జాన్‌బీ తాళ్లు పేనదు. ఆ పూట వీధిలోవాళ్లు వేలు చూపించుకోవడానికి వస్తారు. చిటికెన వేలి గోరు కింద ఆమె మెల్లగా గిల్లితే మనిషి లోపలి దారం బయటికొస్తుంది. రెండు పోగులు పెనవేసుకుని, నడుమ మెట్లుమెట్లుగా జతలు కుదిరి ఉంటాయి. పీల్చే గాలే దాన్ని కొంచెం కొంచెంగా తుప్పు పట్టిస్తుంది, అది అందరికీ ఉన్నదే. ఒక పోగు చెడితే జాన్‌బీ ఎదుటి పోగును చూసి, దానికి సరిపోయే కొత్త నార ఎక్కిస్తుంది. వదిలితే దారం సర్రున లోపలికి పోతుంది. పక్కింటి అనసూయమ్మ అయితే పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి, పొంగేలోపు చూపించుకుని పోయేది.

తాడు పేనేవాళ్లకు చేతిలో మెత్తగా వంగేదే మంచి తాడు. బిరుసుగా ఉన్నదాన్ని దూడ మెడకైనా కట్టరు. జాన్‌బీకి వాళ్ల అబ్బ నేర్పిన పనితనం అదే. మనుషుల దారాన్ని కూడా ఆమె అలాగే చూసేది. బిరుసు తగిలినచోట విప్పి బాగుచేసేది, మెత్తగా వంగితే మెచ్చుకుని వదిలేసేది.

ఆమె మొగుడు అన్సార్ నంద్యాలలో ఒక బ్యాటరీల అంగడిలో పనిచేస్తాడు. రోజంతా యాసిడ్ ఆవిరిలోనే. నిరుడు దగ్గు మొదలైనప్పుడు బనగానపల్లెలో మామిడితోట కావలి పని దొరికింది. పోవాలా వద్దా అని భార్య ముందు వేలు చాపాడు. అతని దారం ఎంత చుడితే అంత చుట్టుకుంది. ఇంత మెత్తని దారం వీధి మొత్తంలో లేదని, అంగడి మానద్దని చెప్పింది. ఆ మాట నమ్మి అతను ఉండిపోయాడు.

మొన్న మంగళవారం, బ్యాటరీలు కట్టే తాడు తెచ్చి బాగుచేయమని పడేసి పనికి పోయాడు. అది ఆమె పేనిన తాడే. కొత్తలో కంటే మెత్తగా ఉంది. మురిసిపోయి, అలవాటుగా రెండు చేతులా లాగింది. చప్పుడు లేకుండా తెగింది. లోపల నారంతా పొడి. ఆవిరి తిన్నచోటే మెత్తబడింది, బిగి వదిలేసిన చోటే సులువుగా వంగింది. ఇన్నాళ్లూ తను మెచ్చుకున్నది తుప్పునేనని జాన్‌బీకి అప్పుడు తెలిసింది. నా చేత్తో నేనే నా మనిషిని పోగొట్టుకుంటున్నానని గుండె బాదుకుంది.

చెప్పులైనా వేసుకోకుండా బస్సెక్కింది. శిరివెళ్ల దాటేదాకా ఏడుస్తూనే ఉంది.

అంగడిలో అతని వేలు పట్టుకుని దారం లాగింది. వంగిన చోటల్లా విప్పి చూసింది. ఒక పోగులో జతలు తప్పుగా కుదిరున్నాయి. ఎదుటిదాన్ని చూసి కడదామంటే అదీ అక్కడే చివికిపోయింది. ఇక దేన్ని చూసి కట్టాలి?

"ఎట్లుందే?" అన్నాడు అన్సార్. "దగ్గు తగ్గడంల్యా. నువ్వు చెప్తే ఇప్పుడైనా ఆ తోటకాడికి పోతా."

జాన్‌బీ ఆ దారాన్ని ఇంకోసారి వేలికి చుట్టి చూసింది.

"మెత్తగుంది," అంది చివరికి. ఇన్నాళ్లూ తెలియక అన్న మాట, ఆ పూట తెలిసి అంది.

దారం వదిలింది. అది లోపలికి పోలేదు, వేలికి అలాగే వేలాడింది. అన్సార్ దాన్ని చూశాడు, ఆమె ఒట్టి కాళ్లను చూశాడు. దారాన్ని తనే మెల్లగా చుట్టచుట్టి, ఆ చేయి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పా, ఇంటికి పోదాం," అన్నాడు.

ఎండ నడినెత్తిన ఉంది. పొద్దుగూకకముందే అతను అంగడి వదలడం అదే మొదలు.