బేగారికి గోరంత ముక్క

కైరువాన్ ఊళ్ళో మధ్యాహ్నపు కునుకులు తీరే వేళకి మన్నూబియా కాఫీలో నారింజపూల నీళ్ళు రెండు చుక్కలు కలుపుకుని, లోపలి వాకిట్లో పీట వాల్చుకునేది. పక్కనే పళ్ళెంలో తేనె కారుతున్న ఖర్జూరపు మిఠాయిలు, మక్రూద్‌లు నాలుగు. మూడు ఆవిడకి. నాలుగోది బేకి.

బే అంటే పూర్వం ఆ దేశాన్ని ఏలిన ప్రభువుల బిరుదు. ఈ బే మాత్రం నారింజరంగు పిల్లి. ఏలింది ఏమీ లేదుగానీ, పొట్ట చూస్తే ఎవరైనా సలాం కొట్టాల్సిందే. తీపి వాడికి పట్టదు. మిఠాయికి అంటిన వెన్న కోసం నాకేవాడు.

వాడు నాకుతున్నంతసేపూ, పెట్టిన మనిషి తాలూకు పాత రోజొకటి వాకిట్లోకి వచ్చి నిలబడేది. మూతి తుడుచుకోగానే వెళ్ళిపోయేది. కుళాయి ఎన్నింటికి వస్తుందో తెలిసినట్టే వీధిలో అందరికీ ఈ సంగతీ తెలుసు. మిఠాయి పెడితే పండగ రోజులొస్తాయి. మన్నూబియాకి, ఆరేళ్ళ కిందట పోయిన భర్త హమాది వచ్చేవాడు. ఈద్ నాటి తెల్ల జుబ్బాలో, చుట్టాల మధ్య గలగలా నవ్వుతూ. వంటింటి గుమ్మంలో ఉన్న ఆవిడకి ఎప్పుడూ అతని వీపే కనిపించేది. వీపైనా చాలనుకునేది. పక్కింటి మంగలి ఖమీస్ కూడా అప్పుడప్పుడూ హల్వా ముక్క జేబులో వేసుకొచ్చి, పోయిన తల్లిని చూసుకుని, ముక్కు చీదుకుంటూ వెళ్ళేవాడు.

ఆ చలికాలం బే నీళ్ళ కుండలు ఖాళీ చేయడం మొదలెట్టాడు. ఎంత తిన్నా చిక్కిపోయాడు. వెనక కాళ్ళు మడమలదాకా నేలకానించి, కొత్త చెప్పులు కరిచిన పెళ్ళికొడుకులా నడిచేవాడు. మన్నూబియా వాణ్ణి బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు రీమ్ దగ్గరికి పరిగెత్తింది.

"చక్కెర జబ్బు పిన్నీ. ఏం పెడుతున్నారు వీడికి?"

మన్నూబియా గోడమీది క్యాలెండరు వంక చూసింది. "ఏముంది తల్లీ, పిల్లి తిండే."

"మీసాలకి తేనె అంటుకునుంది."

"వాడు బజారుకి వెళ్తుంటాడులే."

రీమ్ నవ్వాపుకుని చీటీ రాసింది. "రెండు పూటలా తిండి పెట్టి సూది వెయ్యాలి. మక్రూద్, హల్వా, పాలు, బిస్కట్లు అన్నీ బంద్. మరీ ముద్దొస్తే ఉడికించిన కోడిమాంసమో, గుడ్డో, చేపో. ఉప్పు, ఉల్లి, నూనె తగలకూడదు. అదీ గోరంత."

"ఎవరి గోరు?"

"నాది. మీది పొడుగ్గా ఉంది."

"పోనీ, పండక్కి ఒక్కటంటే ఒక్కటి..."

"అలా ఒక్కటొక్కటీ పెడితే వచ్చే పండక్కి వాడుండడు పిన్నీ."

ఆ ఊళ్ళో జబ్బుమనిషి ఇంటికి ఎవరూ వట్టి చేతులతో వెళ్ళరు. బేకి చక్కెర జబ్బని తెలిసి వీధి వీధంతా పరామర్శకు వచ్చింది, మిఠాయి పెట్టెలతో! సాయంత్రానికి పదకొండు పెట్టెలు పోగయ్యాయి.

"ఒక్క హల్వా అక్కా," అని ఖమీస్ గొణిగాడు. "అమ్మని చూసి నెలైంది."

"చూసి ఏం చేస్తావురా? అదే మాసిన చొక్కా వేసుకున్నావని మళ్ళీ ఏడుస్తుంది. పో!"

అందరూ వెళ్ళాక ఆవిడ చెయ్యే పెట్టెలోకి పోయింది. వీపైనా చూడని రోజు ఆరేళ్ళలో అదే మొదటిది. బే మడమలీడ్చుకుంటూ వచ్చి, చేతిలోని మక్రూద్ వంక, తర్వాత ఆవిడ మొహం వంక చూశాడు. మన్నూబియా ఆ ముక్కని తన నోట్లోనే కుక్కుకుని, ఏడుస్తూ నమిలింది.

మర్నాటి నుంచి, తీపి లేని ఏ ముక్కకి హమాది వస్తాడా అని వెతుకులాట. గుడ్డు ముక్క పెడితే మూడో తరగతి పంతులమ్మ స్కేలుతో దిగింది. మన్నూబియా గబుక్కున చేతులు వెనక దాచుకుంది. చేప పెడితే పన్ను పీకించుకున్న రోజు. చివరికి గోరంత కోడిమాంసం చీల్చి వేసింది.

పండగ కాదు, చుట్టాలు లేరు. ఒక వట్టి మంగళవారం. హమాది మోచేతులు చిరిగిన స్వెట్టర్లో, ఒక కాలికే మేజోడుతో, తిన్నగా ఆవిడ వైపే తిరిగి నిలబడ్డాడు.

"ఇవాళేం వండుతున్నావే?"

బే మింగేశాడు. మూతి తుడుచుకున్నాడు. అయిపోయింది.

మన్నూబియా ఆ మొహాన్ని ఎదురుగా చూసి ఎన్నాళ్ళయింది! మర్నాడూ అదే ముక్క, అదే ప్రశ్న. "ఏమీ లేదు," అందావిడ తలొంచుకుని. నిజమే. అతను పోయాక తన కోసం పొయ్యి మీద కాఫీ తప్ప మరేదీ కాగలేదు. హమాది మొహం చిన్నబోయింది.

మూడోనాడు పొద్దున్నే బజారుకెళ్ళి గుమ్మడికాయ, శనగలు, మాంసం తెచ్చింది. మసిపట్టిన గిన్నెలు తోమింది. గోధుమరవ్వతో చేసే కుస్కుసు ఆవిరి వీధి చివరిదాకా పోయింది. ఖమీస్ పిలవకుండానే పళ్ళెం పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత అది రోజువారీ అయింది. రంజాన్ నెలవంక నాటికి బే మడమలు పైకి లేచాయి, రీమ్ సూదిమందు తగ్గించింది. "మీ మొహం కూడా తేటపడింది పిన్నీ," అంది.

ఈద్ పండగ వెళ్ళిన మర్నాడు.

"ఇవాళేం వండుతున్నావే?"

"కుస్కుసు. గుమ్మడికాయ వేసి."

హమాది గాల్లోకి ముక్కెత్తి వాసన పట్టాడు. మొహం చిట్లించాడు. "హరీసా కారం తక్కువైంది."

"తక్కువా! పొయ్యి దగ్గర మాడేది నేను, పేర్లు పెట్టేది తమరు! ఆరేళ్ళు అయిపూ అజా లేకుండా పోయి, ఇప్పుడొచ్చి..."

బే మూతి తుడుచుకున్నాడు.

"ఎవరితో అక్కా గొడవ?" గోడ అవతలి నుంచి ఖమీస్ కేకేశాడు.

"ఇంకెవరితో? మా ఆయనతో!"

మిగిలిన తిట్లు రేపటికి దాచుకుని, మన్నూబియా గిన్నెలో ఇంకో చెంచా కారం కలిపింది.