అంకె లేని వాక్యం

మా నాన్న ఉలి నా చేతికిచ్చిన రోజున ఒకే మాట చెప్పాడు. "గ్రంథంలోని వాక్యం చెక్కితే కింద అధ్యాయం అంకె, వాక్యం అంకె కూడా చెక్కు. అంకెలు చెప్పలేనివాడి పని తీసుకోకు. కాగితం మీద తప్పు పడితే చింపేయొచ్చు. రాయి చిరగదు." నలభై ఏళ్ళుగా శిలాఫలకాలు చెక్కుతున్నాను. ఆ మాట ఒక్కసారీ దాటలేదు.

అందుకే మా అక్క మొగుడితో పేచీ వచ్చింది.

అప్పటికి బావ మా మతం పేరున నడిచే పార్టీకి అధ్యక్షుడు. ఆయన కారు వస్తే వీధంతా పక్కకు తప్పుకునేది గానీ, మొదట్లో ప్రార్థనా మందిరంలో పిల్లలకు గ్రంథం చెప్పే మాస్టారు. ఒక వానాకాలం, వాడలోని పేదల ఇళ్ళు కూల్చవద్దని అడగడానికి రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. కప్పు నాలుగు చోట్ల కారుతోంది. జనం లేచి పోతున్నారు. బావ బల్ల ఎక్కి అరిచాడు: "కూర్చోండి! కారే కప్పు కింద చేసిన ప్రార్థనే నాకు ముందు వినబడుతుందని దేవుడు గ్రంథంలో చెప్పాడు!"

కూర్చున్నారు. తడుస్తూనే కూర్చున్నారు. ఆ ఇళ్ళు నిలబడ్డాయి.

ఆ ఒక్క వాక్యం బావను వార్డు మెంబరును చేసింది, రెండుసార్లు శాసనసభకు పంపింది, చివరికి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టింది. గోడల మీద, జెండాల మీద అదే. పార్టీ గుర్తు కూడా గొడుగే.

ఈ ఏడు పార్టీకి కొత్త ఆఫీసు కట్టారు. "కారే కప్పు, కారే కప్పు అంటూ కారనివి నాలుగు అంతస్తులు వేసుకున్నారు," అంది మా అక్క. గుమ్మం పైన ఆ వాక్యం చెక్కే పని నాకొచ్చింది. పార్టీ కార్యదర్శి కొలతలు తెచ్చాడు.

"అంకెలేవండీ?" అన్నాను.

"ఏ అంకెలు?"

"అధ్యాయం, వాక్యం."

"అంత పేరున్న వాక్యానికి అంకెలెందుకండీ? చంటిపిల్లలకు కూడా తెలుసు."

"అయితే ఆ చంటిపిల్లల్నే అడిగి రాసుకురండి."

మూడో రోజు చీటీ పంపాడు. పదకొండో అధ్యాయం, తొమ్మిదో వాక్యం. గ్రంథం తెరిచి చూశాను. అక్కడ, నీ ఎద్దు పక్కవాడి చేలో పడితే ఏం చెయ్యాలో ఉంది.

నిజానికి నేను రోజూ పొద్దున్నే గ్రంథం చదువుతాను. మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ వాక్యం ఎప్పుడూ ఎదురుపడలేదు. చదువు తక్కువవాణ్ణి, నా కళ్ళే దాటేసి ఉంటాయిలే అనుకునేవాణ్ణి. ఎద్దు దగ్గర ఆగాక మొదటిసారి నన్ను నేను అడిగాను: ఇన్నేళ్ళూ నేను నమ్మింది గ్రంథాన్నా, బావనా?

బావకు కబురు చేశాను. కారు లేకుండా, నడిచి వచ్చాడు. తెల్లచొక్కా మాసిపోతుందన్న ధ్యాస కూడా లేకుండా చెక్కని రాయి మీద కూర్చున్నాడు.

"అంకెలు వెయ్యకుండా చెక్కలేవురా?"

"లేను బావా."

"నేనడిగినా?"

"నువ్వడిగితే ఇంకా లేను. వేరేవాడైతే తెలియక అడిగాడనుకుంటాను."

చాలాసేపు ఉలి మొనను వేలితో రుద్దాడు. "గ్రంథంలో లేదురా," అన్నాడు. "ఆ రోజు చెప్పాల్సిన వాక్యం మరిచిపోయాను. జనం వెళ్ళిపోతున్నారు. నోటికొచ్చింది అనేశాను. మర్నాడు సరిదిద్దుదామనుకున్నాను. మర్నాటికి గోడల మీద రాసేశారు."

ముప్పై ఏళ్ళు. ఆయన బల్ల ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి 'ఎక్కడుంది?' అంటారని భయమట. ఎవరూ అనలేదు. అనకపోయేసరికి మరీ భయమట.

"మాట మంచిదే బావా," అన్నాను. "కానీ మంచి మాటకు దేవుడి సంతకం మనమెలా పెడతాం?"

"చెబితే కుర్చీ పోతుంది. పార్టీ కూడా పోతుందేమో."

"చెప్పకపోతే రాయి ఉండిపోతుంది."

ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు. దుమ్ము పోలేదు. అలాగే వెళ్ళాడు.

ఆ వారం పార్టీ కమిటీ కూర్చుంది. రాయి సంగతి తేలాలి కాబట్టి నన్నూ పిలిచారు. బావ నిలబడి, నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. జేబులోంచి రాజీనామా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

అప్పుడు అందరిలోకీ పెద్దాయన, మందిరంలో ముందు వరసలో కూర్చునే ఆయన, "అమ్మయ్య!" అన్నాడు.

అందరం అటు తిరిగాం.

"పన్నెండేళ్ళ నుంచి వెతుకుతున్నానయ్యా ఆ వాక్యం కోసం! కళ్ళజోడు మూడుసార్లు మార్పించాను. నా భక్తిలో లోపం కాబోలని ఎవరితోనూ అనలేదు."

"నా పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయిందేమో అనుకున్నానండీ," అన్నాడు ఇంకొకాయన. ఒకరి తర్వాత ఒకరు తామూ వెతికామని ఒప్పుకున్నారు. ఒకడు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు.

"మరి మీరు పంపిన ఎద్దు సంగతేమిటి?" అని కార్యదర్శిని అడిగాను.

"ఎవరూ చూడరనుకున్నానండీ," అన్నాడు తల గోక్కుంటూ.

నవ్వితే సరిపోలేదు. ఆఫీసు తెరిచిన రోజున బావ జనం ముందు కూడా చెప్పాడు. కొందరు అక్కడికక్కడే జెండాలు కింద పడేసి వెళ్ళిపోయారు. ఎదుటి పార్టీవాళ్ళు 'దేవుడి గొంతు దొంగ' అని పోస్టర్లు వేశారు. కుర్చీ పోయింది. ఆ పాత వాడలోని ఒక ముసలమ్మ మాత్రం బావ చెయ్యి పట్టుకుని, "దేవుడు చెప్పకపోతే పోనీ, నువ్వన్నా చెప్పావుగా. నా ఇల్లు ఇంకా ఉంది," అంది. ఆమె తప్పు కాసిందో, మెచ్చుకుందో నాకిప్పటికీ తెలియదు. తప్పు నోట మంచి పుడితే దాన్నేమనాలో గ్రంథంలో వెతుకుతున్నాను.

గుమ్మం పైన పార్టీ పేరు, ఏడాది మాత్రమే చెక్కాను. బావ ఇప్పుడు మళ్ళీ పిల్లలకు గ్రంథం చెబుతున్నాడు. ఏ వాక్యం చెప్పినా ముందు అంకె చెబుతాడట.

మొన్న అక్క ఇంటికెళ్తే, మొహం పీక్కుపోయి ఉంది. "ఏమైందే?" అన్నాను కంగారుగా.

"ఏముంది! ముప్పై ఏళ్ళు రాత్రంతా అటూ ఇటూ దొర్లిన మనిషి, ఇప్పుడు పడుకుంటే చాలు గురక. ఆయనకు నిద్రొచ్చింది, నాకు పోయింది," అంది, నవ్వుతూ.